దారి ఇచ్చినవాడు

ఆ ఉదయం ఆకాశం దిగి వచ్చి చెరువుల మీద కూర్చుంది. ఏలూరు వైపు నుంచి ముదినేపల్లి దాకా ఒకటే బూడిద రంగు, ఎసరు మీద మూత పెట్టి ఎవరో మరిచిపోయినట్టు. గాలి లేదు. గట్టు మీద కొబ్బరాకు కదల్లేదు, గూడకొంగలు కూడా ఎగరకుండా గుర్రపుడెక్క మీద ముడుచుకుని ఉన్నాయి. నాలుగైదు రోజులుగా ఎండ చూడని నీళ్ళు పచ్చదనం వదిలి టీ రంగుకు తిరుగుతున్నాయి. అలా తిరిగితే నీళ్ళలో ఊపిరి తగ్గిపోతుంది, చేప మూతి పైకెత్తి గుటకలు వేస్తుంది, ఆపైన తెల్లటి పొట్ట చూపిస్తుంది. కొల్లేటి పక్కన చెరువు చేసే ప్రతివాడికీ ఇది తెలుసు కాబట్టి ఎవరూ ఎవరికీ చెప్పరు, ఆకాశం వంక ఒకసారి చూసి ఏరేటర్ల స్విచ్చి దగ్గరికి నడుస్తారు. నేనూ నడిచాను. ఏరేటర్లు నీళ్ళను మజ్జిగలా చిలికాయి. కాసేపటికి కరెంటు పోయింది, వచ్చింది, మళ్ళీ పోయి మళ్ళీ వచ్చింది. వీరదుర్గ టీ తెచ్చి గ్లాసు నా చేతికి ఇవ్వకుండా పట్టుకు నిలబడింది. "ఏవండీ, మీ తమ్ముడుగారు జనరేటరు అడుగుతారు. ఇవాళ ఇవ్వకండి." నేను గ్లాసు కోసం చెయ్యి చాపాను. "ముందు మాట చెప్పండి. ఈ ఒక్క ఏడు మన చేప మనకి దక్కనివ్వండి." సర్లే అన్నాను. అప్పుడు ఇచ్చింది.

ఇప్పుడు ఆ జనరేటరు ఈ గోడౌను వెనకాల ట్రాక్టరు తొట్టిలో కొట్టుకుంటోంది. దాని చప్పుడుకు ఇవతల ప్లాస్టిక్ కుర్చీలో నేను కూర్చున్నాను, ఎదురుగా తెల్లగుడ్డ మీద కార్లు తిరుగుతున్నాయి. ఎక్కడో ఇసుక దేశంలో, పట్టపగలు చేసినట్టున్న దీపాల కింద, ఏడాది పొడుగునా సాగిన పందెంలో ఇది ఆఖరి రేసు. గోడౌను నిండిపోయింది. తాడేపల్లిగూడెం నుంచి, అత్తిలి నుంచి కూడా మోటారు సైకిళ్ళ మీద వచ్చారు, సగం మంది ఒంటి మీద పసుపు చొక్కాలే. గుమ్మం దగ్గర ఫ్లెక్సీలో మా తమ్ముడు చిట్టిబాబు ఫొటో కార్ల కంటే పెద్దది. పసుపు జట్టులోని కుర్రోడు గెలిస్తే ద్వారకా తిరుమలలో గుండు చేయించుకుంటానని మొక్కుకున్నాడు వాడు. "మొక్కుకోవడం దేనికండీ, ఉన్నవి ఎలాగూ రాలిపోతున్నాయిగా" అని మైకులో అన్నాడు అబ్బాయిరాజు. ట్రాక్టరూ అతనిదే, మైకూ అతనిదే. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. తలుపు పక్కన కుర్చీ చూసుకుని కూర్చున్నది దేనికంటే, అక్కడి నుంచి నీళ్ళ మీదుగా మా మేత షెడ్డు బల్బు కనిపిస్తుంది. బల్బు వెలుగుతున్నంతసేపూ కరెంటు ఉన్నట్టు, కరెంటు ఉంటే ఏరేటర్లు తిరుగుతున్నట్టు. ఒక కన్ను గుడ్డ మీద, ఒక కన్ను బల్బు మీద. పొద్దున వీరదుర్గకు ఇవ్వనని మాట ఇచ్చాను. మధ్యాహ్నం వాడు గట్టు మీదికి వచ్చినప్పుడు ఏమన్నాడు? "అన్నయ్యా, సీజనంతా ఈ ఒక్క సాయంత్రం మీద ఉంది, కరెంటు సంగతి చూస్తూనే ఉన్నావుగా. రేసు అవ్వగానే తెచ్చేస్తాను. ఊపిరి తగ్గేది తెల్లవారుజామునేగా, అప్పటిదాకా చేపకేం కాదు." నేను ఏరేటర్ల వంక చూశాను. వాడు నవ్వి, "నువ్వూ రా. నీ పెద్దాయన గెలిచే రోజు" అన్నాడు. అంతే. ఆ మాటకు పడిపోయాను. నన్ను ఏ మాటతో కదపాలో వాడికి చిన్నప్పటి నుంచీ తెలుసు.

పెద్దాయన అంటే పసుపు జట్టులో రెండో కారు తోలేవాడు. అసలు పేరు నా నోటికి తిరగదు, మా ఊళ్ళో ఎవరికీ తిరగదు. వయసు మళ్ళింది, గడ్డంలో తెలుపు, ఎన్నో ఏళ్ళుగా తోలుతున్నాడు, ఒక్క ఏడూ కప్పు అందలేదు. కారును గుంజడు, మలుపులో అరిపించడు. కొత్త ఎడ్లను తోలే మనిషిలా దానికి తెలియకుండానే దాన్ని తిప్పుతాడు. ఆయన కారు చప్పుడే వేరుగా ఉంటుందని నేనంటే చిట్టిబాబు నవ్వేవాడు. అది మేత షెడ్డులో కాపలా రోజుల మాట. చేపల దొంగల భయానికి రాత్రిళ్ళు ఇద్దరం అక్కడే పడుకునేవాళ్ళం, నిద్ర పట్టకుండా ఉండటానికి వాడు ఒక టీవీ తెచ్చి పెట్టాడు, ఛానళ్ళు తిప్పుతుంటే ఈ కార్లు దొరికాయి. ఇంగ్లీషు మాకు అర్థం కాదు, ఇంజను అర్థమవుతుంది. ఆయిల్ ఇంజన్ల మధ్య పెరిగిన చెవులు మావి. షెడ్డు రేకు ఒకవైపు కారేది, మంచం ఒక్కటే, తడిసే వైపు నాది. ఎవరూ అటు పడుకోమనలేదు. వాన మొదలవగానే వాడు ఇటు జరిగేవాడు, నేను అటు జరిగేవాడిని. ఒక మంచం మీద రెండు వేరు కార్ల కోసం పోట్లాడుకునేవాళ్ళం, ఓడినవాడు తెల్లవారి చన్నీళ్ళలోకి దిగి తూము దగ్గర వల శుభ్రం చెయ్యాలి. నేనే ఎక్కువ దిగాను. పెద్దాయన అప్పటికింకా కుర్రవాడు, అప్పుడూ ఓడిపోయేవాడు. ఆయన మీద నాకు ఇష్టం ఎందుకో, ఓడిపోయేవాడని కాదు, ఓడిపోయి టోపీ తీసినప్పుడు ఆయన మొహం చూశాను. మా గట్ల మీద ఆ మొహం ఎక్కడో చూసినట్టుండేది.

"పెదనాన్నా, చూడు చూడు" అంది మానస. చిట్టిబాబు కూతురు, గూడెంలో ఇంజనీరింగు చదువుతోంది. వాళ్ళ నాన్న జట్టు కుర్రోడి కోసం ఈలలు వేస్తుంటే ఇది మాత్రం కుర్చీ ఈడ్చుకుని నా పక్కకు వచ్చింది. కారు తోలేవాళ్ళతో జట్టువాళ్ళు రేడియోలో మాట్లాడే ఇంగ్లీషు నాకు తెలుగులో చెబుతుంది. ఇప్పుడు నల్ల కారు ముందుంది. దాని వెనక మా పెద్దాయన, ఆయన వెనక కుర్రోడు. ముగ్గురికీ కప్పు అందేటంత దగ్గరగా ఉన్నాయి లెక్కలు. నల్ల కారును దాటినవాడిదే కప్పు, ఎవరూ దాటకపోతే నల్ల కారుదే. పెద్దాయన టైర్లు అరిగిపోయాయి, కుర్రోడివి కొత్తవి. ఇంతే సంగతి. ఇది చెప్పడానికి అబ్బాయిరాజుకు మైకు కావలసి వచ్చింది. "ఇదిగోనండీ, ముందర నల్లావిడ, వెనకాల మన అన్నదమ్ములిద్దరూ" అన్నాడు. అన్నదమ్ములు అన్న మాటకు చిట్టిబాబు వెనక్కి తిరిగి నా వంక చెయ్యి ఊపాడు.

చెరువు ఒకటే ఉండేది. నాన్న పంపకాలు చేసిన రోజున మధ్యన గట్టు వేశారు. కాలువ మొగ ఉన్న ముక్క వాడికి, వెనక ముక్క నాకు. మంచి నీళ్ళు ముందు వాడి చెరువు తాగుతుంది, తాగి వదిలినవి నాకు వస్తాయి. "నువ్వు పెద్దోడివి, తప్పుకో" అన్నాడు నాన్న, "వాడికి పిల్ల ఉందిరా, నీకేముంది?" వీరదుర్గ తలుపు చాటున నిలబడి ఉంది. అది చూసి, ఆయనకు తప్పు చేసినట్టు అనిపించిందేమో, గొంతు తగ్గించి "ఎవడి చేతిలో ఉంటే ఏం, ఇంట్లోదేగా" అన్నాడు. ఆ తర్వాత ఆయన మంచాన పడితే వీరదుర్గే అన్నం పెట్టింది, ఒళ్ళు తుడిచింది, మాట మాత్రం పలకలేదు, పోయేదాకా పలకలేదు. ఇల్లు ముందు వాటా వెనక వాటా అయింది, అమ్మ ముందు వాటాకు వెళ్ళింది. జనరేటరు ఒక్కటే ఉమ్మడిగా మిగిలింది. దాని బలానికి ఒక చెరువు ఏరేటర్లే తిరుగుతాయి. అందుకని మధ్య గట్టు మీద ఇనుప పెట్టె పెట్టి అందులో ఒక హ్యాండిల్ బిగించారు. కుడికి తిప్పితే తమ్ముడి చెరువు, ఎడమకు తిప్పితే నాది. "ముందు చిన్నోడికి కాసేపు, తర్వాత నీకు కాసేపు" అని నాన్న స్వయంగా తిప్పి చూపించాడు. నాన్న పోయి ఎన్నో ఏళ్ళయింది, వంతు మారలేదు. ఎన్ని వానాకాలాలు, ఎన్ని తుపాన్లు. పెట్టెలో కుడి వైపు రంగు పోయి ఇనుము నున్నగా తేలింది, ఎడమ వైపు రంగు ఇంకా ఉంది. దాన్ని చూసినప్పుడల్లా మూత వేసేస్తాను. ఇదంతా ఇప్పుడెందుకు గుర్తుకు రావాలి, గుడ్డ మీద పసుపు కార్లు రెండూ ఒకదాని తోక ఒకటి పట్టుకుని మలుపు తిరుగుతుంటే.

బల్బు ఆరిపోయింది. ఆరడం కళ్ళారా చూశాను. నీళ్ళ అవతల పసుపు చుక్క ఉండేది, లేదు. గోడౌనులో ఎవరికీ తెలియలేదు, ఇక్కడ వెలుగు జనరేటరుది. లేవాలి. లేచి తమ్ముడి భుజం పట్టుకుని కరెంటు పోయిందిరా అనాలి, అబ్బాయిరాజును ట్రాక్టరు ఎక్కమనాలి. గుడ్డ మీద ఇంకా కొద్ది లాపులే ఉన్నాయి. ఇంత మందీ ఊరుకుంటారా, ఈ లాపు అవ్వనీ, ఇది అవ్వగానే లేస్తాను. కాళ్ళు లేవడానికి సిద్ధంగానే ఉన్నాయి, కళ్ళు రావడం లేదు. పెద్దాయన నల్ల కారు పక్కకు వస్తున్నాడు, లోపలి నుంచి వస్తున్నాడు, అరిగిన టైర్లతో, అబ్బా, ఎంత నెమ్మదిగా ఎంత తెలివిగా వస్తున్నాడు, దొరకలేదు, మళ్ళీ వెనక పడ్డాడు, మళ్ళీ వస్తాడు, నాకు తెలుసు ఈ మనిషి మళ్ళీ వస్తాడు. అప్పుడు రేడియోలో గరగరమని ఒక గొంతు. మానస నా మోచెయ్యి పట్టుకుంది. "పెదనాన్నా, దారి ఇచ్చేయమంటున్నారు. కుర్రోడికి." అర్థం కానట్టు చూశాను. "ఆయన టైర్లతో నల్ల కారు దొరకదట. కుర్రోడైతే పట్టుకుంటాడట. జట్టుకు కప్పు రావాలంటే తప్పుకోమంటున్నారు."

"ఇవ్వకు!"

అది నా గొంతే. నేను లేచి నిలబడి ఉన్నాను, కుర్చీ వెనక్కి పడిపోయింది. గోడౌను మొత్తం తల తిప్పి చూసింది. "ఇవ్వకయ్యా! నువ్వు తోలు! ఇవ్వకు!" పెళ్ళిళ్ళలో, పంచాయితీల్లో, ఎక్కడా గట్టిగా మాట్లాడి ఎరగను. అబ్బాయిరాజు మైకు నోటికి తగిలించుకుని, "ఏవండోయ్, పెదబాబు గారు మాట్లాడారండీ! కప్పు ఎవరిదైనా ఇవాళ రేసు ఈయనదేనండీ!" అన్నాడు. నవ్వులు. చిట్టిబాబు కూడా నవ్వుతున్నాడు, "అన్నయ్యా, కూర్చో, ఆయనకి వినపడదులే" అంటున్నాడు. పెద్దాయన ఒక లాపు పోయాడు. రెండో లాపు కూడా పోయాడు. రేడియోలో మళ్ళీ గొంతు, ఈసారి గట్టిగా. ఆయన ఏమీ పలకలేదు. నా లోపల ఏదో వదులవుతోంది, ఎన్నాళ్ళ నుంచో బిగుసుకున్నది. ఇవ్వడు, ఈయన ఇవ్వడు, ఎవరేం చేస్తారు, కారు ఆయన చేతిలో ఉంది. ఆ తర్వాత తిన్నటి దారి వచ్చింది, పసుపు కారు మెల్లగా, ఎంతో మర్యాదగా, పక్కకు జరిగింది. కుర్రోడు దూసుకుపోయాడు.

గోడౌను లేచిపోయింది. సగం మంది గంతులు, సగం మంది తిట్లు. "ఇదేం పందెమండీ, తప్పుకోమంటే తప్పుకోవడమేనా?" "జట్టంటే అంతేనండి, ఇష్టం లేకపోతే సొంత కారు కొనుక్కోవాలి." "ఏడాదంతా లాగినోడు ఆయన, కప్పు ఈడికా?" ఎవరో కుర్చీ విసిరారు, ఎవరో చొక్కా పట్టుకున్నారు, అత్తిలి నుంచి వచ్చిన ఒకాయన నేల మీద కూర్చుని ఏడుస్తున్నాడు, గట్టిగా, ఇంట్లో మనిషి పోయినట్టు. ఆఖరి లాపులో కుర్రోడు నల్ల కారును దాటాడు. చిట్టిబాబు జనాన్ని తోసుకుంటూ వచ్చి నన్ను వాటేసుకున్నాడు, పసుపు చొక్కా చెమటతో తడిసి ఉంది. "చూశావా అన్నయ్యా! ఎవడికొస్తే ఏంటి, కప్పు ఇంట్లోనే ఉంది!" వాడికి తెలియదు అది ఎవరి మాటో. పంపకాల రోజు వాడు ఊళ్ళో లేడు. నేను వాడి భుజం మీదుగా చూస్తున్నాను. పెద్దాయన మూడో మెట్టు మీద నిలబడి ఉన్నాడు, చేతిలో చిన్న కప్పు, నవ్వుతున్నాడు. కుర్రోడు ఆయన నెత్తి మీద ఏదో నురగ పోస్తున్నాడు. ఆయన కళ్ళు మూసుకుని పోయించుకుంటున్నాడు. "కరెంటు పోయింది" అన్నాను. వాడు వినలేదు. "చిట్టీ, కరెంటు పోయింది. చాలాసేపైంది."

ట్రాక్టరు తొట్టిలో జనరేటరుకు ఒకవైపు నేను, ఒకవైపు మానస. ముందు అబ్బాయిరాజు, అతని పక్కన మడ్గార్డు మీద చిట్టిబాబు. ఎదురుగా కనిపించే చెరువే, బండి దారి మాత్రం చుట్టూ తిరిగి రావాలి. తుంపర మొదలైంది, గట్టు మెత్తబడి చక్రాలు జారుతున్నాయి, ఒకచోట దిగి తోశాం, ఇంకోచోట చక్రం కింద గడ్డి వేశాం. అబ్బాయిరాజు ఇప్పుడు జోకులు వెయ్యడం లేదు. ఇంజను వేడి ఇంకా నా మోకాలికి తగులుతోంది, ఇంతసేపూ బొమ్మలు చూపించిన వేడి. వీరదుర్గ గట్టు మీదికి వచ్చి ఉంటుందా, వచ్చే ఉంటుంది, చీకట్లో నీళ్ళ దగ్గర నిలబడి వింటూ ఉంటుంది. ఇవ్వనని చెప్పాను. గ్లాసు చేతికి వచ్చేదాకా చెప్పిన మాట. రేపో ఎల్లుండో వాన తెరిపి ఇస్తే చేపల పట్టుబడి పెట్టుకుందామనుకున్నాం, బొచ్చె చేపలు ఒక్కొక్కటి చంటిపిల్లంత ఉన్నాయి, మొన్న వల వేసి చూసినప్పుడు వీరదుర్గ ఒకదాన్ని రెండు చేతులా ఎత్తుకుని చూసి మళ్ళీ నీళ్ళలోకి వదిలింది, వదిలాక చేతులు వాసన చూసుకుంది. కాలువ మొగ లేని చెరువు, వాడి చెరువు తాగి వదిలిన నీళ్ళు, అయినా ఈ ఏడు నా చేప వాడి చేప కంటే బాగుందని వల లాగేవాళ్ళు అన్నారు. ఆ మాట ఆమెకు నేను చెప్పలేదు, ఆమే విని వచ్చి నాకు చెప్పింది.

"పెదనాన్నా" అంది మానస, "ఆయన ఇవ్వకపోతే వాళ్ళు ఏం చేసేవాళ్ళు?"

తొట్టి కుదుపుకు జనరేటరు పట్టుకున్నాను. ఆలోచించాను. "ఏం చేసేవాళ్ళు కాదు" అన్నాను.

చెరువు కనపడక ముందే వినపడింది. గుటకలు. నీటి మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా మూతులు తెరుచుకుంటూ మూసుకుంటూ, వాన అడుగు నుంచి పైకి పడుతున్నట్టు. అటు వాడి చెరువు, ఇటు నాది, రెండూ అదే చప్పుడు. టార్చి వేస్తే నీళ్ళు కనపడలేదు, నోళ్ళు కనపడ్డాయి. నా చెరువు గట్టు మీద వీరదుర్గ నిలబడి ఉంది, తల మీద గోనెసంచి, చేతిలో వెదురు కర్ర. ఒక్కతే నీళ్ళు కొడుతోంది, కర్రతో, ఊపిరి పుట్టించాలని. మమ్మల్ని చూసి ఆపింది. అబ్బాయిరాజు, చిట్టిబాబు తీగలు కలుపుతున్నారు, జనరేటరు దగ్గింది, పట్టుకుంది. నేను మధ్య గట్టు మీద పెట్టె మూత తీశాను. చిట్టిబాబు నా వెనకాలే వచ్చి నిలబడ్డాడు. వాడు ఒక్క మాట అనలేదు. అది నేను ఎవరికైనా చెప్పగలను, మా తమ్ముడు ముందు నాదని అడగలేదు. రొప్పుతూ నిలబడ్డాడు, అంతే. గోడౌనులో ఇవ్వకు అని అరిచిన నా గొంతు ఇంకా బొంగురుగానే ఉంది. నా చెయ్యి హ్యాండిల్ మీద పడింది, నున్నగా అరిగిన ఇనుము చేతికి తగిలింది, తిరిగింది. కుడికి. అవతల వాడి ఏరేటర్లు ఒక్కసారిగా లేచాయి, తెల్లగా, హోరుమని. ఆ హోరు వినపడ్డాకే నాకు తెలిసింది ఏం చేశానో. చేతిని చూసుకున్నాను. అక్కడే ఉంది, హ్యాండిల్ మీద, పని పూర్తి చేసిన చెయ్యిలా. కారులో ఆయనకు చెవిలో ఒకరు చెప్పారు, ఒకటికి రెండుసార్లు చెప్పారు, అప్పటికీ రెండు లాపులు ఆగాడు. నాకు ఎవరూ చెప్పలేదు. చిట్టిబాబు "అన్నయ్యా" అన్నాడు. ఆ తర్వాత ఏమంటాడో అని చూశాను. ఎడమకు తిప్పమనలేదు. నేనూ తిప్పలేదు, ఒకసారి ఆపి తిప్పితే రెండూ పోతాయేమోనని నాకు నేను చెప్పుకున్నాను. వీరదుర్గ కర్ర నీళ్ళలో వదిలేసింది.

కాసేపటికి నా వైపు తిప్పాం. అప్పటికి గుటకలు ఆగిపోయాయి. టార్చి వెలుగులో గాలివాటుకు పొట్టలు గట్టు పక్కకు చేరుతున్నాయి, తెల్లగా, ఒకదానినొకటి ఒరుసుకుంటూ. మానస గట్టు మీద కూర్చుండిపోయింది. వీరదుర్గ మోకాళ్ళ లోతు దిగి, ఇంకా మొప్ప ఆడుతున్న బొచ్చెను ఒకదాన్ని వెతికి, రెండు చేతులా ఎత్తుకుని, ఇంటి వైపు నడిచింది.

చిట్టిబాబు భార్య అత్తిలిలో పుట్టింటికి వెళ్ళింది, ఈ వారం అందరం మా వాటాలోనే తింటున్నాం. కరెంటు ఇంకా రాలేదు. ఛార్జింగు లైటు మధ్యలో పెట్టుకుని కూర్చున్నాం, గోడ వారగా మా అమ్మ వెంకటనరసమ్మ, తర్వాత నేను, చిట్టిబాబు, మానస. తమ్ముడు పసుపు చొక్కా విప్పేసి తువ్వాలు కప్పుకున్నాడు. ఈ ఇంట్లో మగవాళ్ళలో ముందు పెద్దవాడికి వడ్డిస్తారు, చేప వండిన రోజున తలకాయ ముక్క కూడా ఆయనకే. నాన్న ఉన్నప్పుడు నాన్నకు, ఆయన పోయాక నాకు. ఈ ఇంట్లో ముందు నాకు వచ్చేది అదొక్కటే. వీరదుర్గ కూర గిన్నె పట్టుకుని వచ్చింది, చీర కుచ్చిళ్ళు ఇంకా తడిగానే ఉన్నాయి. నా కంచం దగ్గర వంగబోయి, ఆగి, దాటి వెళ్ళింది. తలకాయ ముక్క చిట్టిబాబు కంచంలో వేసింది, దాని మీద గరిటెడు పులుసు పోసింది. వాడు తల ఎత్తలేదు. అమ్మ కోడలి వంక చూసి, నా వంక చూసి, కంచంలోకి చూసుకుంది. తర్వాత మానసకు, తర్వాత అమ్మకు, ఆఖరున నాకు తోక ముక్క వచ్చింది. తన కంచం తెచ్చుకుని లైటు వెలుగు పడని చోట కూర్చుంది. చిట్టిబాబు చాలాసేపు కలిపిందే కలిపి, ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నేనూ పెట్టుకున్నాను. కూర బాగా కుదిరింది.